రెండు చేతుల సంచీ

ముందు మీ దగ్గర ఒకటి ఒప్పేసుకుంటాను. పోయిన వారం భాగం చివర్లో ఎముకల డాక్టరు నాకు ‘ఫిట్’ అని రాసిచ్చాడనీ, ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రి మెట్లు రెండేసి చొప్పున దిగాననీ రాశాను. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ కాగితంలో సగం నింపింది నేను. భుజం ఎంతవరకు లేస్తోందో డాక్టరే చూసి రాశాడు. కింద ఎనిమిది ప్రశ్నలు, వాటి పక్కన అవును, కాదు అని గళ్ళు. బయట జనం కిటకిటలాడుతున్నారు. నర్సు నా చేతికి పెన్నిచ్చి, మీరే టిక్కులు పెట్టేయండమ్మా అనేసి పక్క గదిలోకి పోయింది. ఆరో ప్రశ్న: వేళ్ళలో తిమ్మిరి గానీ, స్పర్శ తెలియకపోవడం గానీ ఉందా?

కాదు, అని టిక్కు పెట్టాను.

ఉంది. ఎడమ చేతి చిటికెన వేలూ, దాని పక్క వేలూ ఏడు వారాలుగా నావి కావు. ఎవరో దాచిపెట్టమని ఇచ్చి మరిచిపోయినట్టు నా చేతికి ఉన్నాయంతే. సబ్బు నురగ తెలీదు, వేడి గ్లాసు తెలీదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టి జీతం తీసుకుంటాను. మా పనిలో తప్పు కంటపడకపోతే క్షమిస్తారు. పరీక్ష నడపకుండానే ‘పాస్’ అని రాస్తే మాత్రం క్షమించరు. పోయినేడు అలా రాసినాయన్ని పట్టిచ్చింది నేనే. మీటింగులో పెద్ద ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఇప్పుడు తల్చుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి ఇక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పేస్తాను. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ ఇరవై రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసి రీడింగులు రాసింది, మూడేళ్ళ క్రితం రిటైరైంది. ఆవిడ తొక్కిన సైకిలే ఇప్పుడు నాది. ఆఫీసు ఎనిమిది కిలోమీటర్లు. మా వీధి మీదుగా పోయే బస్సుని వంతెన పనులని చెప్పి ఎప్పుడో తీసేశారు. రోజూ బండి మాట్లాడుకుని వెళ్తే జీతం మొత్తం బండాయనకి పోసి, నేను సరదాకి పని చేస్తున్నట్టు ఉంటుంది. లాప్‌టాప్ రాత్రిపూట ఆఫీసులో వదలకూడదు, రెండు మాయమయ్యాక పెట్టిన రూలది. అందుకని వీపుకి తగిలించుకుని తొక్కేదాన్ని. ఏడు వారాల క్రితం ఒక మలుపులో ఆ సంచీ ఒక పక్కకి జారింది, దాంతోపాటు నేనూ. ఎడమ పక్క మెడ కింది ఎముక విరిగింది. అతుక్కుంది గానీ, ఆరు నెలలు భుజం మీద గుడ్డ సంచీ కూడా వేలాడదీయొద్దన్నారు. ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఇచ్చిన గడువు ఈ ఆదివారంతో సరి. సోమవారం తొమ్మిదింటికి సీట్లో కనబడకపోతే ఆ సీటు ఖాళీ కింద రాసుకోవాల్సి వస్తుందని మా లీడ్ చాలా మర్యాదగా చెప్పాడు. ఆయన ఎంత మర్యాదగా మాట్లాడితే అంత భయపడాలని మా టీమంతటికీ తెలుసు.

కాబట్టి నాకు కావలసింది ఒక సంచీ. సైకిల్ క్యారియర్‌కి పక్కన కొక్కేలతో తగిలించేది. దాన్ని ప్యానియర్ అంటారని నాకూ ఈమధ్య దాకా తెలీదు. తెలిశాక మాత్రం ఊరుకోలేదు. ఇరవై మూడు సంచీలు, పద్నాలుగు కాలమ్‌లతో షీటు తయారు చేశాను. వానకి ఆగుతుందా, లోపల లాప్‌టాప్ నిలువుగా పడుతుందా, అడుగున గట్టి అట్ట ఉందా, కొక్కెం మా క్యారియర్ గొట్టానికి పడుతుందా, తొక్కుతుంటే మడమ తగులుతుందా, ధర ఎంత. ఎండలో రంగు ఎన్నాళ్ళకి వెలుస్తుందో కూడా రాశాను. ఆ పద్నాలుగింట్లో ఒక్కదాంట్లో కూడా ‘చెయ్యి’ అన్న మాట లేదు. రాయాల్సింది నేనే, నేను రాయలేదు.

ఆదివారం పదింటికి సైకిల్ షాపుకి బయల్దేరుతుంటే అమ్మ కూడా చెప్పులేసుకుంది. ఎందుకమ్మా అంటే, చైనుకి నూనె వేయించాలంది. మొన్ననే వేశాను అంటే, అయితే గాలి కొట్టించాలంది. ఇక వాదించలేదు. నేను సైకిల్ నడిపించుకుంటూ, ఆవిడ పక్కన నడుస్తూ వెళ్ళాం. క్యారియర్ మీద తువ్వాల్లో చుట్టిన రెండు ఇటుకలు. వంటింటి కాటా మీద తూచి, లాప్‌టాప్, చార్జరు, మధ్యాహ్నం తిండి, రెయిన్‌కోటు కలిపి ఎంతవుతాయో సరిగ్గా అంత బరువు తెచ్చాను. అసలు లాప్‌టాప్‌తో ప్రయోగాలు చేసేంత తెలివితక్కువదాన్ని కాదు.

షాపు ఒక మెట్ల కింద గది. పైన వేలాడే రిమ్ములు, కింద పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి, మధ్యలో నోట్లో రెండు స్పోకులు కరుచుకుని చక్రానికి వంకర తీస్తూ స్పోకులాయన. ఆయనకి అసలు పేరుందో లేదో నాకు తెలీదు. అమ్మని చూడగానే స్పోకులు తీసి పక్కన పెట్టాడు. రండి మీటరమ్మా, మీరు మానేశాక మా బిల్లు రెట్టింపైంది అన్నాడు. నేనున్నప్పుడు నువ్వు రెండు బల్బులే వేసేవాడివి అన్నయ్యా, ఇప్పుడు ఏసీ పెట్టించావు అంది అమ్మ, పైకి కూడా చూడకుండా. ఆ గదిలో ఏసీ ఉన్నదన్న సంగతి అప్పుడే నేనూ గమనించాను.

మూడు సంచీలు తీసి బల్ల మీద పరిచాడు. మొదటిది చూడ్డానికే ముచ్చటగా ఉంది. నోరు చుట్టి మడిచేస్తే చుక్క నీళ్ళు దిగవు. పైన ఒకే ఒక పిడి, దాన్ని పట్టుకుని లేపితే చాలు, రెండు కొక్కేలూ వాటంతటవే విడిపోతాయి. ధర చీటీ తిప్పి చూసి మళ్ళీ ఎలా ఉన్నదో అలా తిప్పేశాను. రెండోది చవక, జోడీ సంచీలు. క్యారియర్ మీద అటూ ఇటూ వేసేసి పట్టీలతో బిగించడమే. అందులో లాప్‌టాప్ పెడితే వంగి విల్లవుతుంది. మూడోది నా షీటులో పచ్చరంగు పూసినది. దళసరి రెక్సిన్, అడుగున అట్ట, నేననుకున్నదానికి కాస్త ఎక్కువ, భయపడ్డదానికి చాలా తక్కువ.

చవకగా చేయాలంటే ఎక్కడో ఒకచోట తగ్గించాలి కదా. దానికి కొక్కేల దగ్గర తగ్గించారు. రెండు కొక్కేలకీ ఒకే పిడి బదులు దేని మీట దానికే. రెండు చేతులతో రెండు మీటలూ ఒకేసారి నొక్కిపట్టి, ఆ పట్టుతోనే సంచీని పైకి లేపాలి. స్పోకులాయన చేసి చూపించాడు. టక్ మని తగిలించాడు, టక్ మని తీశాడు. ఇటుకలు లోపల పెట్టి, ఇప్పుడు మీరు అన్నాడు.

తగిలించడం బానే వచ్చింది. దానికి బరువు చాలు, వేళ్ళు అక్కర్లేదు. ఆ ఉత్సాహంతో సంచీని అటూ ఇటూ ఊపాను, సైకిల్ స్టాండు మీదే ఎత్తి కుదేశాను, తొట్టిలోంచి మగ్గుతో నీళ్ళు తీసి పోశాను, వంగి కూర్చుని పెడల్ని చేత్తో తిప్పుతూ మడమ ఎక్కడిదాకా వస్తుందో స్కేలుతో కొలిచాను. పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని పరీక్షలు పెట్టరమ్మా అన్నాడు స్పోకులాయన. పెట్టి ఉంటే బావుండేది అంది అమ్మ. ఆ మాట మా నాన్న గురించి. ఆయన కథ మూడో భాగంలో అయిపోయింది, మళ్ళీ తవ్వను.

ఇక తీయాలి. కుడి మీట నొక్కాను, లోపలికి పోయింది. ఎడమ మీట మీద బొటనవేలు పెట్టాను. బొటనవేలు నొక్కాలంటే మిగతా వేళ్ళు కింద నుంచి ఎదురు పట్టాలి. రెండు పట్టాయి, రెండు పట్టలేదు. మీట సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. కొత్తది కదా, స్ప్రింగు బిగువుగా ఉంది అన్నాను. మళ్ళీ చేశాను. చెయ్యి తడిగా ఉంది అన్నాను, తుడుచుకున్నాను. మూడోసారి మోచేతిని కూడా ఒత్తిపెట్టి లాగితే కుడి పక్క ఊడింది, ఎడమ పక్క ఊడలేదు. సంచీ అడ్డంగా తిరిగి, నోరు తెరుచుకుని, రెండు ఇటుకలూ సిమెంటు నేల మీద పడ్డాయి. ఒకటి రెండు ముక్కలైంది.

అది లాప్‌టాప్ కాదు, పర్లేదు అన్నాను నవ్వుతూ.

అమ్మ దగ్గరికి వచ్చి నా ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. కళ్ళు మూసుకోమంది. ఎందుకమ్మా అన్నాను. మూసుకో అంది. మూసుకున్నాను.

“ఏ వేలు పట్టుకున్నానో చెప్పు.”

ఇలాంటి సమయంలో తడుముకోకూడదని నాకు తెలుసు. ఎంత వేగంగా చెప్తే అంత నమ్మకం. “చిటికెన వేలు” అన్నాను.

“నేనింకా ముట్టుకోలేదు.”

కళ్ళు తెరవబుద్ధి కాలేదు. రోడ్డు మీద ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. తెరిచేసరికి అమ్మ నా చేతిని తన అరచేతి మీద వెల్లకిలా పెట్టుకుని, రెండు వేళ్ళకీ కాస్త పైన తన వేలు ఆనించకుండా నిలిపి ఉంది. నాలుగేళ్ళుగా అందరి తప్పులూ నేనే పట్టుకుంటున్నానని విర్రవీగేదాన్ని. ఇంత చిన్న పరీక్ష నాకెప్పుడూ తట్టలేదు.

ఆసుపత్రి కాగితంలో ఏం రాశావని అడిగింది. చెప్పాను. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

“మీటరు చూడకుండా రీడింగు రాశావన్నమాట” అంది.

గట్టిగా అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది, నేనూ అరిచేదాన్ని. ఆవిడ ఆ మాటని ఎవరికో వివరం చెప్తున్నట్టు అంది. వెళ్ళి చక్రాల మధ్య ఉన్న స్టూలు మీద కూర్చుంది. నేను నా వాదన మొదలుపెట్టాను. ‘అవును’ అని రాస్తే నరాల డాక్టరు దగ్గరికి పంపిస్తారు, ఆయన ఇంకో రెండు నెలలంటాడు, అప్పటికి సీటు ఉండదు, ఇప్పుడు బయట ఉద్యోగాలెలా ఉన్నాయో నీకు తెలీదు, నాతో చదివినవాళ్ళలో ఐదుగురు ఖాళీగా ఉన్నారు, వేళ్ళు మెల్లిగా వాటంతటవే వస్తాయని ఇంటర్నెట్‌లో చదివాను. చెప్తున్నకొద్దీ ఒక్కో మాటా నిజమేననిపించింది. అన్నీ కలిపితే మాత్రం నిలబడలేదు.

అమ్మ అంతా విని, ఒకసారి నేనూ రాశాను అంది.

నాకు తెలియని సంగతి. మోకాలు బాగా వాచిన ఏడాది, మూడో అంతస్తులో ఒక వాటా. మూడు నెలలు పైకి ఎక్కకుండా పాత రీడింగుకి ఇంత కలిపి రాసేసిందట. నాలుగో నెల ఎక్కితే మీటరు పెట్టె నల్లగా మాడిపోయి ఉంది, పక్క గోడ వేడిగా ఉంది, ఆ గోడకి అవతల పసిపిల్ల ఉయ్యాల. మొదటి నెల చూసి ఉంటే మొదటి నెలే మార్చేవాళ్ళు.

“ఎవరికీ ఏమీ కాలేదు” అంది అమ్మ. “కానీ అది నా గొప్ప కాదు. నువ్వు రేపు రోడ్డెక్కి, ఎవరికీ ఏమీ కాకుండా ఆఫీసుకి చేరినా అది నీ గొప్ప కాదు. ఎడమ బ్రేకు పట్టుకో, చూస్తాను.”

పట్టుకున్నాను. స్పోకులాయన వెనక చక్రాన్ని తిప్పి వదిలాడు. నా రెండు వేళ్ళతో ఎంత లాగినా అది నెమ్మదించింది గానీ ఆగలేదు. ముగ్గురం దాన్ని చూస్తూ నిలబడ్డాం, అది అలా తిరుగుతూనే ఉంది.

తర్వాత ఆయనే మాట్లాడాడు. సంచీ సంగతి పెద్ద విషయం కాదన్నాడు. కొక్కేలు తీసేసి నట్లతో క్యారియర్‌కే బిగించేస్తాను, లాప్‌టాప్‌కి వేరే తొడుగు వేసుకుని కుడి చేత్తో పైకి లాక్కోండి, సంచీ ఎప్పటికీ సైకిల్‌కే ఉంటుంది అన్నాడు. అన్నట్టే పది నిమిషాల్లో బిగించేశాడు కూడా. నేను మూడు వారాలు షీటు నింపి సాధించలేనిది నాలుగు నట్లతో అయిపోయింది. అయిపోయినందుకు సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా నా సమస్య సంచీ అని నన్ను నేను నమ్మించుకుంటూ వచ్చాను. బ్రేకుకీ మార్గం ఉందిట. కుడి పక్క ఒకే పిడితో రెండు చక్రాలూ పట్టేలా పెట్టొచ్చు. ఆ సామాను తెప్పించాలి. గురువారానికి వస్తుంది.

సోమవారం రేపే.

నా మొహం చూసి ఆయన తల దించుకుని మళ్ళీ స్పోకులు నోట్లో పెట్టుకున్నాడు. సంచీకి మాత్రమే డబ్బు తీసుకున్నాడు. పగిలిన ఇటుక ముక్కల్ని చీపురుతో ఒక మూలకి తోశాడు.

ఇంటికొచ్చాక నేను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. మిమ్మల్ని బాధపెట్టడానికి కాదు గానీ, ఆ మధ్యాహ్నం ఎలా ఉందో చెప్పాలి. ఏడవలేదు. ఆలోచించలేదు కూడా. కుడి చేత్తో ఎడమ చిటికెన వేలిని గిల్లుతూ పడుకున్నాను, అంతే. గోరు దిగిన గుర్తు ఎర్రగా కనిపిస్తోంది, నొప్పి తెలీడం లేదు. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి వెతుక్కుంటానని ఎవరైనా అంటారు. రెండు వేళ్ళు పోతే రోజంతా కీబోర్డు మీద చేసే పని ఇంకెక్కడైనా మాత్రం ఎవరిస్తారు? ఈ ప్రశ్న ఏడు వారాల్లో మొదటిసారి పూర్తిగా వేసుకున్నాను.

నాలుగున్నరకి అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చీర కొంగు నడుం చుట్టూ దోపుకుని ఉంది. లేవమంది. ఎందుకంటే, రేపటికి ఒకసారి చూసుకోవాలి, నువ్వు వెనక ఎక్కు, నేను తొక్కుతాను అంది.

నీకు యాభై తొమ్మిదమ్మా అన్నాను. తెలుసంది. ఎనిమిది కిలోమీటర్లు అన్నాను.

“రోజుకి ఇరవై తొక్కాను.”

“ఎప్పుడు?”

“నువ్వు లెక్కల్లో తప్పినప్పుడు. ఎక్కు.”

సంచీ పక్కకి వేలాడుతోంది కాబట్టి క్యారియర్ పైన ఖాళీగానే ఉంది. మిగిలిన ఇటుకని, దాని జతకి రెండు నీళ్ళ సీసాల్ని సంచీలో పెట్టి, నేను ఒక పక్కకి కాళ్ళేసుకుని కూర్చున్నాను. అమ్మ మొదటి తొక్కుడికే సైకిల్ ఎడమకి తూలింది. ఎదురింటి పెద్దాయన పేపరు దించి చూశాడు. రెండోసారి కుదిరింది. వీధి చివరిదాకా వెళ్ళాం. ఆవిడ నడుం ప్రతి తొక్కుడికీ కుడివైపు కొంచెం ఒరుగుతోంది, మళ్ళీ సర్దుకుంటోంది. ఊపిరి నాకు వినిపిస్తోంది. నేను చిన్నప్పుడు ఇదే సైకిల్ మీద ఇలాగే కూర్చుని ఎన్ని వీధులు తిరిగానో, అప్పుడు ఆవిడ ఊపిరి ఇలా వినిపించేదా అని గుర్తు తెచ్చుకోబోయాను, గుర్తు రాలేదు. దిగిపోతానమ్మా అంటే, కదలకు, పడతాం అంది. మలుపు దగ్గర తిప్పి, ఆగకుండా వెనక్కి తొక్కింది. ఇంటి ముందు కాలు నేలకి ఆనించి, కాసేపు హ్యాండిల్ మీదికి వంగి ఉండిపోయింది. తల ఎత్తి, ఆరున్నరకి బయల్దేరితే సరిపోతుంది, మధ్యలో రెండుసార్లు ఆగుదాం అంది.

నేను ఇన్నాళ్ళూ ఎవర్నీ ఇబ్బంది పెట్టకూడదనే అన్నీ దాచానని అనుకున్నాను. ఆవిడ చెమట చూశాక ఆ మాట నాకే రోతగా అనిపించింది. అయినా రేపు వెళ్ళొద్దని మాత్రం అనలేకపోయాను. వెళ్ళాలని ఉంది. లీడ్‌కి వేళ్ళ సంగతి చెప్పేస్తాను, చెప్పి, గురువారం దాకా సగం పూట పని అడుగుతాను. మాటలు కూడా కూర్చుకున్నాను.

అప్పుడు ఫోను మోగింది. లీడ్ దగ్గర్నుంచి మెసేజ్. ఆదివారం సాయంత్రం ఆయన ఎప్పుడూ మెసేజ్ పెట్టడు.

‘నమస్తే అండీ. ఆరోగ్యం బాగుందని ఆశిస్తాను. రేపు మీ సీటుకి కాకుండా, తొమ్మిదింటికి నేరుగా మూడో అంతస్తు చిన్న మీటింగ్ రూముకి రండి. లాప్‌టాప్, చార్జరు, మీ యాక్సెస్ కార్డు మర్చిపోకుండా తీసుకురాగలరు.’

మూడు వస్తువులు. మా ఆఫీసులో పనిచేసినవాళ్ళెవరూ ఈ జాబితాని రెండోసారి చదవరు, ఈ మూడూ కలిపి అడిగేది ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడే. కొత్త లాప్‌టాప్ ఇస్తారేమో అని ఒక్క క్షణం అనుకుందామని చూశాను. కొత్తది ఇచ్చేప్పుడు కార్డు అడగరు. వాళ్ళకి వేళ్ళ సంగతి తెలిసిపోయిందా, ఆసుపత్రి నుంచి ఎవరైనా ఫోన్ చేశారా, లేక వీటన్నిటితో సంబంధమే లేకుండా ఎప్పుడో నిర్ణయమైపోయిందా? నేను ఇరవై మూడు సంచీలు చూసింది, అమ్మ ఇప్పుడు ఊపిరి అందక మెట్టు మీద కూర్చున్నదీ, ఆ మూడింటినీ క్షేమంగా వాపసు చేయడానికా?

ఏమిటే అది అని అడిగింది అమ్మ, మోకాలు రాసుకుంటూ. ఆఫీసు నుంచి అన్నాను. చదవమంది. ఫోను తెర ఆర్పేశాను. నా వైపు ఒక్క క్షణం చూసి, చెయ్యి చాచి ఫోను అడిగింది, ఇవ్వలేదు. అయితే నేనే చదువుకుంటాను ఉండు అని, కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు తీసిన చప్పుడైంది.

మీకెప్పుడైనా ఇలాంటి మూడు వస్తువుల కబురు వచ్చిందా? వస్తే, ఇంట్లో మొదట ఎవరికి చెప్పారు, ఏ మాటతో మొదలుపెట్టారు, మర్నాడు పొద్దున్న అసలు బయల్దేరారా? పత్రిక చిరునామాకి రాయండి. మీది ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి.